మసి ఇంకా నిలబడే ఉంది

కట్టెల డిపో,
గేటు పక్క గది.

గిన్నెపిల్లకు మామయ్య రాయునది.

ముందుగా నా చేతిరాతకు, తప్పులకు ఏమీ అనుకోవద్దు. నా చదువు సంగతి నీకు తెలిసిందే. వానలకు మనవాళ్లు ఏ ఊళ్లో ఆగితే ఆ ఊరి బడి, వానలు వెలిస్తే మళ్లీ రోడ్డు. ప్రతి ఏడూ కొత్త ఊళ్లో మొదటి పలకే. అందుకే అక్షరాలు వచ్చాయి గానీ వరసలో నిలబడవు.

నేను కులాసా. డిపోలో కాపలా పని దొరికింది. యజమాని మంచివాడు. గేటు దగ్గర కుర్చీ వేయించి, "కూర్చో తాతా, నిన్ను చూస్తే నాకు కాళ్లు లాగుతున్నాయి" అంటాడు. నాకు కూర్చోబుద్ధి కావడం లేదు.

మసి మీ కేంద్రానికే చేరిందని తెలిసింది. ఎలుగుబంట్లను ఆడించకూడదని చట్టం వచ్చాక ఎక్కడో ఒకచోట అప్పగించక తప్పదు కదా. నువ్వు అక్కడ వంట చేస్తున్నావనే ధైర్యంతో మీవాళ్లకే ఇస్తానని ఒప్పుకున్నాను.

అది తింటోందా. ఆ ఒక్క మాట రాస్తే చాలు. పాపకు నా ముద్దులు.

మామయ్య


జంతు సంరక్షణ కేంద్రం,
వంటగది వెనక గది.

మామయ్యకు నమస్కారం.

నీ ఉత్తరం చూసి నవ్వాగలేదు. నోరు తెరిచి నాలుగు మాటలు మాట్లాడని మనిషివి, కార్డు నిండా రాశావు. మా అమ్మ ఉండుంటే దిష్టి తీసేది. "నా తమ్ముడి నోట్లోంచి మాట రావాలంటే ముందు వాడికి జ్వరం రావాలి" అనేది గుర్తుందా?

మసి బాగుంది. తింటోంది, పడుకుంటోంది. ఇక్కడ దానికి చెట్లున్నాయి, దిగి ఆడుకోవడానికి నీళ్ల తొట్టి ఉంది. నువ్వు బెంగ పెట్టుకోకు.

ఒక్క మాట జాగ్రత్త. కార్డు మీద రాయకు, కవర్లో పెట్టి అంటించు. నేను ఎలుగుబంట్ల వాళ్ల పిల్లనని ఇక్కడ ఎవరికీ తెలియదు. హాస్టల్లో వంట చేశానని చెప్పి చేరాను. జంతువులను ఆడించిన కుటుంబాల వాళ్లను పనిలో పెట్టుకోరు. ఎవరో పాత యజమాని లోపలి మనిషి సాయంతో తన ఎలుగుబంటిని దాటించుకుపోయాడట, అప్పటి నుంచి ఈ నియమం. తెలిస్తే ఉద్యోగమూ పోతుంది, ఈ గదీ పోతుంది. పాప బడి ఈ వీధి చివరే.

నువ్వు మాత్రం ఇటు రావద్దు. కోపం తెచ్చుకోకు.

గిన్నెపిల్ల
(ఇప్పటికీ ఆ పేరేనా? జనం ముందు గిన్నె పట్టుకుని తిరిగింది నాకు పళ్లూడే వయసులో. ఇప్పుడు గంగాళాలు తోముతున్నాను, పేరు మార్చు.)


కట్టెల డిపో.

గిన్నెపిల్లకు,

ఉత్తరం అందింది. ఎవరిచేతా చదివించుకోలేదు, నేనే కూడబలుక్కుని చదివాను. కవర్లోనే పెడుతున్నాను.

మసి తింటోందన్నావు, సంతోషం. ఒకటి అడుగుతాను. దానికి రొట్టె ఇస్తే మధ్యదంతా తిని అంచు చుట్టూ వదిలేస్తుంది. ఆ అంచు నా ముందుకు తోస్తుంది. అది నేను తినాలి. నేను తినేదాకా రెండో రొట్టె ముట్టదు. పిల్లగా ఉన్నప్పటి నుంచీ దానికదే అలవాటు, మేం నేర్పలేదు.

అక్కడ ఆ అంచు ఎవరు తింటున్నారు. అది రాయి.

మామయ్య


వంటగది వెనక గది.

మామయ్యా,

మాటలు తక్కువని నిన్ను వెక్కిరిస్తాను గానీ, ఉన్న నాలుగు మాటల్తోనే మనిషిని గోడకు ఆనించేస్తావు. అంచు ఎవరూ తినడం లేదు. ఎందుకంటే మధ్య కూడా ఎవరూ తినడం లేదు.

మసి నిలబడుతోంది మామయ్యా. వచ్చిన రోజు నుంచీ అంతే. మిగతా ఎలుగుబంట్లు మధ్యాహ్నం గోతాల్లా పడి నిద్రపోతాయి. ఇది ఇనప తలుపు దగ్గర వెనక కాళ్ల మీద లేచి, చేతులు గుండెకు ఆనించి, తల ఇటూ అటూ తిప్పుతూ నిలబడుతుంది. కాళ్లు వణికి కూలబడితే కాసేపు అలాగే ఉంటుంది. మళ్లీ లేస్తుంది. ముందు గిన్నె పెడితే దాని మీద నుంచి చూస్తుంది, గిన్నె వైపు చూడదు. అద్దం అవతల చూడడానికి వచ్చిన జనం "నమస్కారం పెడుతోంది చూడు" అని పిల్లలను ఎత్తి చూపిస్తున్నారు. వాళ్లు వస్తే ఇంకాస్త నిటారుగా నిలబడుతుంది.

డాక్టరు మంచి మనిషి. పళ్లు చూశాడు, రక్తం చూశాడు. "రోగం ఏమీ కనపడలేదు, ఎవరిదో మాట కోసం చూస్తున్నట్టుంది" అన్నాడు. మత్తిచ్చి, గొట్టంతో జావ పోస్తున్నారు. మాటిమాటికీ మత్తిస్తే ఆ ముసలి గుండె తట్టుకోదట. అది కూడా కుదరని రోజు వస్తే సూదితో ప్రాణం తీసేస్తారు. బాధ పడకుండా పోతుంది అంటున్నారు. నీకు రాయకూడదనుకున్నాను.

ముక్కుకున్న రింగు కోసి తీసేశారు. తాడు ఒరిసిన చోట రంధ్రం పచ్చిగా ఉండేది, ఇప్పుడిప్పుడే మానుతోంది. డాక్టరు రోజూ మందు రాసేటప్పుడు చూస్తున్నాను. చిన్నప్పుడు ఆ తాడు పక్కనే నడిచాను కదా, ఒక్కసారి కూడా అది ఎక్కడి దాకా పోయిందో ఎందుకు చూడలేదు మామయ్యా? నువ్వు చూశావా?

మసి దేనికోసం నిలబడుతోందో నీకు తెలుసు. నీకు తెలియకపోతే ఇంకెవరికీ తెలియదు. వెంటనే రాయి.

గిన్నెపిల్ల


కట్టెల డిపో.

గిన్నెపిల్లకు,

నాకు తెలియదు. ఆ పని వదిలేశానని కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చాను. డోలు కూడా వాళ్లకే ఇచ్చేశాను. దాని గురించి నన్ను అడగకు, నువ్వు కూడా ఎవరితో అనకు. డాక్టరు చెప్పినట్టు జరగనీ.

పాపను బడి మానిపించకు.

మామయ్య


వంటగది వెనక గది.

మామయ్యా,

నీ ఉత్తరం చదివి పొయ్యిలో పెట్టాను. "నాకు తెలియదు" అట. అప్పుడు డోలు కొట్టింది ఎవరు, పక్కింటి వాళ్లా?

నువ్వు చెప్పలేదు కాబట్టి నాకు తోచింది నేను చేశాను. ఏం జరిగిందో విను.

చిన్నప్పటిది ఒక్కటే గుర్తుంది నాకు. నువ్వు వీధి మొగలో నిలబడి డోలు మీద ఒక దరువు వేసేవాడివి. అది వినపడగానే నేను గిన్నె తుడుచుకునేదాన్ని. ఆ దరువు తర్వాత జనం, జనం తర్వాత తిండి. మసికీ నాకూ కూడా. అంటే అది తిండికి పిలిచే దరువే అనుకున్నాను. మొన్న జావ గిన్నె బోర్లించి గరిటెతో అదే వేశాను.

మసి నా వైపు తిరిగింది. ఒక్క క్షణం నా ప్రాణం లేచి వచ్చింది.

తర్వాత ఆడడం మొదలుపెట్టింది మామయ్యా. కాలు ఎత్తింది, చేతులు తిప్పింది, గుండ్రంగా తిరిగింది, నేల మీద పొర్లి మళ్లీ లేచింది. ఎముకల గూడు, అదీ ఆడుతోంది. నేను గరిటె పారేశాను. అది ఆగలేదు. నోటి నుంచి నురగ వస్తోంది, అయినా ఆగలేదు. "చాలే, చాలే మసీ" అని అరిచాను. మసి అన్న పేరు ఇక్కడి వాళ్లకు తెలియదు, వాళ్లు పెట్టిన పేరు వేరే. డాక్టరు పరుగున వచ్చి దూరం నుంచి మత్తు సూది వేస్తే పడిపోయింది.

మేనేజరమ్మ గుమ్మంలో నిలబడి అంతా చూసింది.

"ఆ దరువు నీకెక్కడిది?"

"ఊరికే గిన్నె తోముతూ కొట్టానమ్మా."

"ఊరికే కొడితే ఎలుగుబంటి ఆడదు. నువ్వు పిలిచిన ఆ పేరు కూడా ఊరికే వచ్చిందా? శనివారం నా గదికి రా. ఆలోచించుకుని నిజం చెప్పు."

నేను మొదలుపెట్టగలిగాను, ఆపలేకపోయాను. ఆపేది ఏదో ఉంది. నాకు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు?

శనివారం లోపల రాయి. రాయకపోతే ఇదే నా ఆఖరి ఉత్తరం. మా అమ్మ మీద ఒట్టు వేసేదాన్నే, కానీ ఆవిడ నీ పక్షమే ఉంటుంది.

నీ మేనకోడలు


కట్టెల డిపో.

గిన్నెపిల్లకు,

నీ మీద అనుమానం వస్తుందనే రాయలేదు. ఆ డోలు దెబ్బ నీ చేతికి వస్తే నువ్వు ఎవరి పిల్లవో వాళ్లకు తెలిసిపోతుంది. తెలియకుండా ఉంచితే నువ్వైనా మిగులుతావనుకున్నాను. ఇప్పుడు ఎలాగూ తెలిసిపోయింది. రాస్తున్నాను.

నువ్వు కొట్టింది లేపుడు దెబ్బ. తిండికి కాదు. ఆటకు లేవమని.

ఆట ముగిసిందని చెప్పేది వేరే ఉంది, విడుపు దెబ్బ. అది తోలు మీద కొట్టరు. డోలు పక్క చెక్క మీద వేలి కణుపుతో కొడతారు. జనానికి వినపడకూడదు, జంతువుకు ఒక్కదానికే వినపడాలి. అది పడేదాకా మన జంతువు తినదు, పడుకోదు, ఎవరు ఏం పెట్టినా ముట్టదు. జనం మధ్యలో ఎవరో ఒకరు తినేది విసురుతూనే ఉంటారు కదా, ఆట చెడకూడదని చిన్నప్పుడే అలా అలవాటు చేస్తారు. ఆ దెబ్బ ఆడవాళ్లకు, పిల్లలకు నేర్పరు. తాడు ఎవరి చేతికి వస్తే వాళ్లకే. మా నాన్న నాకు తాడు ఇచ్చిన రోజునే చెప్పాడు. పిల్లలు ఆటకని కొడితే జంతువు జనం మధ్యలో పడుకుంటుంది. నీకు అందుకే తెలియదు.

ఇప్పుడు ఆ రోజు సంగతి.

వ్యాను వచ్చింది. మసి ఎక్కలేదు. నలుగురు తోశారు, తేనె చూపించారు. ఎక్కలేదు. వ్యానుతో వచ్చిన పెద్దమనిషి "తాతా, మీరే ఏదైనా చెయ్యండి, కర్ర వాడడం మాకు ఇష్టం లేదు" అన్నాడు. మంచిగానే అన్నాడు. నేను లేపుడు దెబ్బ వేశాను. మసి వెంటనే నడిచి, ఎక్కి, లోపల నిలబడింది. జనం ఎక్కడున్నారా అని చూసింది. తలుపు వేశారు. డోలు అడిగారు, ఇచ్చాను.

చెక్క మీద కొట్టలేదు. ఆట జరగలేదు కదా, విడుపు ఏమిటి అనుకున్నాను కాబోలు. ఏమీ అనుకోలేదేమో. వెనక సందులోంచి వెళ్లిపోయాను.

నీ ఉత్తరంలో "నిలబడుతోంది" అని చదవగానే తెలిసింది. మసి లెక్కలో ఆట ఇంకా అయిపోలేదు.

విడుపు ఇలా కొట్టు. చూపుడువేలు మడిచి, కణుపుతో చెక్క మీద. ఒకటి కొట్టి ఊపిరి వదులు. రెండు దగ్గరగా కొట్టు. మళ్లీ ఊపిరి వదిలి, ఒకటి మెల్లిగా. ఆ ఆఖరుది నీకే వినపడనంత మెల్లిగా ఉండాలి.

ముక్కు సంగతి అడిగావు. చూశాను. చూడకుండా ఎలా ఉంటుంది. రింగు తీసేశారని చదివి మంచిదే అనిపించింది.

మామయ్య


వంటగది వెనక గది.
శనివారం.

మామయ్యా,

ఇది పోస్టులో వేస్తే నీకు చేరేసరికి అంతా అయిపోతుంది. కట్టెలు తెచ్చే లారీ డ్రైవరు మీ డిపో పేరు చెప్పాడు. అతని చేతికే ఇస్తున్నాను. మీ లారీయే ఇక్కడికి వస్తుందని నువ్వు ఒక్కసారి కూడా రాయలేదేం?

మేనేజరమ్మకు నిజం చెప్పేశాను. నీ పేరూ, అమ్మ పేరూ, గిన్నె సంగతీ అన్నీ. ఆవిడ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టుకుంది. "నిన్ను ఏం చెయ్యాలో తర్వాత చూస్తాను. ఆ దెబ్బ ఏదో కొట్టు" అంది. డాక్టరు కూడా వచ్చాడు.

చెక్క పీటను చంకలో పట్టుకుని నిలబడి, నువ్వు రాసినట్టే కొట్టాను. ఒకటి, ఊపిరి, రెండు, ఊపిరి, ఒకటి.

మసి చెవులు కదిలాయి. చేతులు గుండె మీద నుంచి జారాయి. సగం కిందికి వంగింది. ఇదిగో అయిపోయింది అనుకున్నాను. నా వైపు చూసింది. చూసి, మళ్లీ లేచి నిలబడింది.

మళ్లీ కొట్టాను. మళ్లీ సగమే. కణుపు చర్మం లేచేదాకా కొట్టాను. ప్రతిసారీ సగం వంగి, నా మొహం వైపు చూసి, లేస్తుంది. డాక్టరే నా చెయ్యి పట్టుకుని ఆపాడు. "ఇంకొద్దమ్మా, ఇలా మాటిమాటికీ వంగి లేస్తే ఉన్న ఓపిక కూడా పోతుంది" అన్నాడు.

ఇక మత్తిచ్చి జావ పొయ్యడం కుదరదట. సోమవారం పొద్దున సూది అని తేల్చారు.

నువ్వు వస్తానంటావేమో అని మేనేజరమ్మను అడిగాను. పాత యజమాని గేటు దాటితే కేంద్రానికి ఉన్న అనుమతే పోతుందట, మిగతా ఎలుగుబంట్ల గతి ఏమిటి అని ఆవిడే నన్ను అడిగింది.

ఏదో వదిలేశావు మామయ్యా. రాయడంలో ఏదో వదిలేశావు. దాని కళ్లు చూస్తే తెలుస్తోంది, అంతా సరిగ్గానే ఉంది, ఒక్కటి తక్కువైంది. గుర్తు చేసుకో. రేపు సాయంత్రం లారీ మళ్లీ ఇటు వస్తుందట.

గిన్నెపిల్ల


డిపో. ఆదివారం.

గిన్నెపిల్లకు,

డ్రైవరు ఇంజను ఆపకుండా నిలబడ్డాడు. తొందరగా రాస్తున్నాను.

నేను రాసిందాంట్లో తప్పు లేదు, నాకు తెలిసిందంతా రాశాను. అందుకే పొద్దుటి నుంచీ ఒక దుంగ మీద కొట్టి చూసుకుంటున్నాను, ఎక్కడ తేడా అని. దెబ్బ సరిగ్గానే ఉంది. యజమాని వచ్చి నవ్వాడు. "ఇన్నాళ్లకు కూర్చున్నావు తాతా" అన్నాడు.

అప్పుడు చూసుకున్నాను. దుంగ పక్కన నేల మీద కూర్చుని ఉన్నాను. ఎప్పుడు కూర్చున్నానో నాకే తెలియదు. మెల్లిగా కొట్టే ఆ ఆఖరి దెబ్బతో పాటు నా ఒళ్లు దానంతటదే కిందికి దిగిపోయింది.

జీవితమంతా అలాగే కూర్చున్నాను కాబోలు. జనానికి వీపు పెట్టి, మసి పక్కన, నేల మీద. అలిసిపోయి కూర్చుంటున్నాననుకునేవాణ్ని. మా నాన్న కూడా కూర్చునేవాడు. ఆయనా అలిసిపోయాడనే అనుకున్నాను. ఎవరూ నేర్పలేదు, అందుకే రాయడం తెలియలేదు.

నువ్వు నిలబడి కొట్టావు కదా. నీ పక్కన వాళ్లు కూడా నిలబడి ఉంటారు. జనం నిలబడి, తాడు పట్టినవాడు నిలబడి ఉంటే, మసి ఎలా పడుకుంటుంది.

నేల మీద కూర్చో. అందరికీ వీపు పెట్టు. వాళ్లను కూడా కూర్చోమను, కాకపోతే పొమ్మను.

లారీ సంగతి అడిగావు. మీకు కట్టెలు పోయేది ఇక్కడి నుంచే అని తెలిసే ఈ పనిలో చేరాను. లారీ తిరిగి వచ్చినప్పుడు గేటు తీసేది నేనే.

మామయ్య


వంటగది వెనక గది.
సోమవారం.

మామయ్యా,

కణుపు పుండు ఇంకా మానలేదు, ఈసారి నా రాతకు నువ్వు ఏమీ అనుకోకు.

పొద్దున డాక్టరు సూది సిద్ధం చేసుకునే వచ్చాడు. నీ ఉత్తరం మేనేజరమ్మకు ఇచ్చాను. చదివింది. నీ అక్షరాలు చదవడానికి ఆవిడకూ కాస్త సమయం పట్టిందిలే. అద్దం అవతల తెర వేయించింది. డాక్టరును చూసి, "మీరు కూడా" అంది. ఇస్త్రీ చీరతో ఆవిడ, తెల్ల కోటుతో ఆయన, ఆ తడి సిమెంటు మీద చతికిలబడ్డారు. ఇంకో రోజైతే పొట్ట పట్టుకుని నవ్వేదాన్ని.

నేను లోపలి ఇనప జాలీ దగ్గరకు వెళ్లాను. పీట పట్టుకుని నిలబడే మొదలుపెట్టాను. ఒకటి. ఊపిరి. రెండు. మసి వంగింది. నా మొహం చూసింది. ఆఖరుది మెల్లిగా కొట్టి, అందరికీ వీపు పెట్టి నేల మీద కూలబడ్డాను. ఇంక దాని వైపు చూసే ధైర్యం లేదు.

వెనక నుంచి ఒక నిట్టూర్పు వినపడింది. మనిషి నిట్టూర్పులాగే ఉంది. తర్వాత ఒళ్లు మొత్తం నేల మీద వాలిన చప్పుడు. జాలీలోంచి దాని ఊపిరి నా నడుముకు తగులుతోంది.

పడుకుంది మామయ్యా. మధ్యాహ్నం దాకా కదల్లేదు. నేనూ కదల్లేదు. డాక్టరు సూది పెట్టెలో పెట్టేసి, మెల్లిగా పాకుతూ బయటికి పోయాడు, చప్పుడైతే లేస్తుందేమోనని.

లేచాక జావ నాకింది. కొంచెమే. తర్వాత రొట్టె ఇచ్చాను. మధ్యదంతా తినేసి, అంచు చేత్తో పట్టుకుని జాలీ కిందనుంచి నా వైపు తోసింది. సగం నేను తిన్నాను. మిగతా సగం కాగితంలో చుట్టి పంపుతున్నాను. అది ఎవరి వంతో నాకు తెలుసు, మసికీ తెలుసు.

రెండో రొట్టె ముందు పెట్టాను. వాసన చూసి ఊరుకుంది. రేపటికి దాచి ఉంచాను.

నా ఉద్యోగం సంగతి ఇంకా తేలలేదు. మేనేజరమ్మ పైవాళ్లకు రాస్తానంది. "నియమం నేను పెట్టలేదు, తీసెయ్యనూ లేను, కానీ రాయగలను" అంది. చూద్దాం.

నువ్వు కూడా కూర్చో మామయ్యా. నీకు విడుపు కొట్టేవాళ్లు ఎవరూ లేరు, నేనే ఈ కాగితం మీద కొడుతున్నాననుకో.

గిన్నెపిల్ల


కట్టెల డిపో,
గేటు పక్క గది.

గిన్నెపిల్లకు,

అంచు అందింది. గట్టిపడింది. నీళ్లలో తడుపుకుని తిన్నాను.

కుర్చీలో కూర్చుని తిన్నాను. యజమాని కూడా వచ్చి పక్కన దుంగ మీద కూర్చున్నాడు.

నా వంతు తినేశానని మసికి చెప్పు. ఎలా చెప్పాలో నాకు తెలియదు, నీకు తెలుస్తుంది. ఇప్పుడు రెండో రొట్టె పెట్టు. ముట్టిందో లేదో వెంటనే రాయి. గేటు దగ్గర కూర్చుని లారీ కోసం చూస్తుంటాను.

మామయ్య